జిగట ప్రవాహాల క్లాసులో జగన్మోహనరావుగారు

రిటైరైన మరుసటి ఏడు జగన్మోహనరావుగారు ఎంటెక్‌లో చేరుతున్నానని ఇంట్లో చెప్పారు. ఆ మాట విని ఆయన భార్య తులసమ్మ గొడవేమీ చెయ్యలేదు. బీరువా తెరిచి, రిటైర్మెంటు సభలో ఆయనకు కప్పిన శాలువా తీసుకొచ్చి ఒళ్లో పెట్టి, దీన్ని వాళ్లకి తిరిగిచ్చేసి రమ్మంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అన్నారా అంటూ పక్కింటి సుబ్బరత్నమ్మ దగ్గర కొన్నాళ్లు వాపోయింది. కాలేజీ తెరిచే ముందు రోజు మాత్రం అటక మీంచి పాత క్యారేజీ దింపించి, మూతల మీది మచ్చలు పోయేదాకా తోమి ఎండబెట్టింది.

ఊళ్లో వాళ్లకీ ఇదొక వింతే. నూజివీడు చుట్టుపక్కల రిటైరైన ఉద్యోగస్తుడు ఏం చేస్తాడో అందరికీ తెలుసు. తోట చూసుకుంటాడు, కౌలుదారుతో తగాదా పడతాడు, బీపీ మాత్ర వేసుకుని పడుకుంటాడు. ఈయనకీ మామిడితోట ఉంది. చిన్నరసాలు, బంగినపల్లి, గట్టు వెంబడి కలెక్టరు చెట్లు. తగాదాకి కౌలుదారు కూడా సిద్ధంగానే ఉన్నాడు. అన్నీ అమరి ఉండగా ఈ పెద్దమనిషి భుజాన పుస్తకాల సంచీ తగిలించుకుని బయల్దేరారంటే, ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనుకోక ఇంకేమనుకుంటారు?

ఆయన చదవబోయిన సబ్జెక్టు పేరు విస్కస్ ఫ్లో. జిగట ఉన్నవి ఎలా పారతాయో చెప్పే శాస్త్రం. జిగట అంటే మనకు తేనె, ఆముదమే గుర్తొస్తాయి గానీ నీళ్లకీ జిగట ఉంది, గాలికీ ఉంది, కాస్త తక్కువ అంతే. పాఠ్యపుస్తకాల్లో దానికి స్నిగ్ధత అని ముద్దుపేరు పెట్టారు. జగన్మోహనరావుగారు పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా హైడ్రాలిక్స్ చెప్పారు. చెప్పినన్నాళ్లూ ఆయన లెక్కలన్నీ ఒకే మాటతో మొదలయ్యేవి: స్నిగ్ధతను వదిలేద్దాం. వదిలేస్తే లెక్క సులువైపోతుంది. సులువుగా చెప్తారని ఆయనకు పేరు. ఆ పేరంటే ఆయనకు ఇష్టం కూడాను.

ఒక్కసారే చిక్కొచ్చి పడింది. చాలా ఏళ్ల కిందటి మాట. వేసవి సెలవులకు ముందు ఒక రోజు, గుండ్రటి వస్తువు చుట్టూ గాలి ఎలా వెళ్తుందో బోర్డు మీద గీసి చూపించారు. స్నిగ్ధతను వదిలేశారు కనక బొమ్మ ముచ్చటగా వచ్చింది. ముందు ఎంత ఒత్తిడో వెనకా అంతే ఒత్తిడి. అప్పుడు బాపులపాడు నుంచి బస్సులో వచ్చే సింధూర అనే అమ్మాయి లేచి నిలబడింది.

"ముందూ వెనకా ఒత్తిడి ఒకటే అయితే గాలి కాయని తోయదు కదండీ. మరి మొన్న గాలి దుమారానికి మా తోటలో కాయంతా ఎందుకు రాలింది సార్?" అని అడిగింది.

ఆయన బొమ్మ వంక చూశారు, పిల్ల వంక చూశారు. అది సిలబస్‌లో లేదమ్మా, కూర్చో అన్నారు. ఆ పిల్ల కూర్చుంది. ఆయనకే ఆ పూట అన్నం సయించలేదు. తాను వదిలేసిన ఆ కాస్త జిగటలోనే జవాబు ఉందని ఆయనకు తెలుసు. అది ఏమిటో మాత్రం తెలియదు. ఆ తర్వాత ప్రతి వేసవిలోనూ గాలి లేచినప్పుడల్లా తోటలో రాలిన కాయలను చూసి అందరూ నష్టం లెక్కలు వేసుకుంటుంటే ఈయన ఆ పిల్ల ప్రశ్ననే లెక్క వేసుకుంటూ నిలబడేవారు.

రిటైరయ్యాక లావుపాటి పుస్తకాలు తెప్పించి సొంతంగా మొదలుపెట్టారు. రెండో అధ్యాయం దగ్గర బండి కూరుకుపోయింది. సరిగ్గా అప్పుడే, ఆ సింధూర పెద్ద చదువులు చదివి, డాక్టరేటు చేసి, హనుమాన్ జంక్షన్ దారిలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈ సబ్జెక్టే చెబుతోందని తెలిసింది. వెళ్లి కలిశారు. మీరు ఎప్పుడైనా వచ్చి కూర్చోండి సార్, ఇది మీ క్లాసే అనుకోండి అందామె. ఆయన ఒప్పుకోలేదు. చుట్టపుచూపుగా వచ్చి కూర్చుంటే చదువు రాదన్నారు. అందరిలాగే సీటు తెచ్చుకుని, పరీక్ష రాసి, తప్పితే తప్పుతానన్నారు. అన్నంత పనీ చేశారు. ఎంట్రన్సు రోజున గేటు దగ్గర సెక్యూరిటీ అతను పేరెంట్స్ అందరూ బయట షామియానా కింద కూర్చోవాలని గట్టిగా చెప్పాడు. ఈయన హాల్ టికెట్ చూపించాక, ఫోటో వంకా మొహం వంకా మార్చి మార్చి చూసి, దణ్ణం పెట్టి మరీ లోపలికి పంపాడు.

క్లాసులో పట్టుమని పదిమంది లేరు. వాళ్లలో అభిరామ్, చైతన్య అనే ఇద్దరు కుర్రాళ్లు ఈయన బెంచీలోనే కూర్చునేవారు, అంకుల్ అని పిలిచేవారు. ఈయన సింధూరను మేడమ్ అనేవారు. ఆమె ఈయనను సార్ అనేది. మేడమ్ రాగానే సార్ లేచి నిలబడేవారు, సార్ నిలబడితే మేడమ్ కంగారుపడి కూర్చోండి కూర్చోండి అనేది. ఆయన ఎదురుగా బెంచీ మీద ఉన్నారని ఆమె పాఠం అయ్యేదాకా ఒక్కసారి కూడా కుర్చీలో కూర్చునేది కాదు. హాజరు పిలవడం మరీ అవస్థ. గురువును పేరు పెట్టి పిలవడం ఎలా? అందరి పేర్లూ పిలిచి, ఆయన పేరు వచ్చేసరికి ఆగి, తలెత్తి చూసి, టిక్కు పెట్టేసేది. ఎవరూ పిలవకుండానే ఈయన ప్రెజెంట్ మేడమ్ అనేవారు. కుర్రాళ్లు మొహాలు కిందికి దించుకుని నవ్వుకునేవారు.

పూత మీద తేనెమంచు పురుగు పడిందని ఒక రోజు ఆయన తోటలో మందు కొట్టించడానికి ఉండిపోయారు. మర్నాడు చూస్తే ఆ రోజుకీ హాజరు పడి ఉంది. అప్పుడే ఆయనకు అనుమానం రావలసింది. మర్యాద కదా అని సర్దుకున్నారు. మన వైపు మర్యాద అలాంటిది. ఎదుటి మనిషి కాలు గుంటలో పడుతున్నా, పెద్దవారు కదా అని పక్కన నిలబడి చూస్తాం.

చదువు సంగతికొస్తే, ఆయన కష్టపడ్డారు. ఆ వయసులో అంత కష్టపడటం చూస్తే ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నేవియర్-స్టోక్స్ సమీకరణాలని ఉన్నాయి, పేజీకి అడ్డంగా పాకుతాయి. వాటిని తులసమ్మ పూజ చేసుకునేంత నిష్ఠగా తెల్లవారుజామున కూర్చుని ఒక్కో పదమే విప్పుకుంటూ రాసేవారు. ఈ పదం ఒత్తిడిది, ఈ పదం బరువుది, ఇదిగో ఇది జిగటది అని తనలో తాను చెప్పుకునేవారు. ముప్ఫై ఏళ్లు వదిలేసిన పదాన్ని ఇప్పుడు చేత్తో రాస్తుంటే, ఎప్పుడో పోట్లాడి విడిపోయిన చుట్టంతో మళ్లీ మాట కలిపినట్టుగా ఉండేది ఆయనకు.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక రోజు సింధూర ఒక లెక్క ఇచ్చి ఆయనను బోర్డు దగ్గరకు రమ్మంది. నిటారు గోడ మీదుగా నూనె పొరలా కిందికి జారుతోంది. ఆ పొరలో ఎక్కడ ఎంత వేగం ఉంటుందో కట్టాలి. గోడను అంటుకున్న నూనె అసలు కదలదు. గోడకు దూరమయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది, గాలి తగిలే పైముఖం అన్నిటికన్నా జోరుగా జారుతుంది. గొట్టంలో అయితే వేరు. అక్కడ చుట్టూ గోడే కాబట్టి వేగమంతా నడిమధ్యలో ఉంటుంది. పాపం ఆయన చేతికి ముప్ఫై ఏళ్లుగా గొట్టాలే అలవాటు. బుర్ర చెప్పేలోపే చెయ్యి రాసేసింది. గాలి ఉన్న వైపు కూడా గోడే ఉన్నట్టు అక్కడా వేగం సున్నా వేసి, గబగబా చేసుకుపోయి, కింద గీత గీసి చాక్‌పీసు పెట్టేశారు. అభిరామ్ ఏదో అనబోయి మేడమ్ వంక చూసి ఊరుకున్నాడు. సింధూర బోర్డు వంక చాలాసేపు చూసింది.

"బావుందండీ" అంది చివరికి.

మర్నాడు అదే లెక్కను ఇంకో పద్ధతి చూద్దామంటూ ఆమే చేసింది. జారే నూనె ఆయన లెక్కలో కంటే నాలుగు రెట్లు వచ్చింది. పద్ధతులు రెండైనా జవాబు ఒకటే రావాలి గదా. జగన్మోహనరావుగారు చెయ్యెత్తి, ఈ రెంటిలో ఏది రైటు మేడమ్ అని అడిగారు. ఆమె డస్టరు చేతులు మార్చుకుంది. రెండూ రైటేనండీ, మీది రెండు వైపులా గోడ ఉన్న కేసు అంది. లెక్కలో ఉన్నది ఒకే గోడ. ఆ సంగతి క్లాసులో అందరికీ తెలుసు. ఒక్కరూ కిక్కురుమనలేదు.

క్యాంటీన్‌లో టీ తాగుతూ అభిరామ్ తానే కదిపాడు. వాడికి మాట దాచుకోవడం చేతకాదు. మేము తప్పు చేస్తే మేడమ్ మొదటి లైన్లోనే ఆపేస్తారు అంకుల్, మిమ్మల్ని మాత్రం ఆపరు, మీరు ఏం రాసినా బావుందనే అంటారు, కావాలంటే మొదటి నుంచీ గుర్తు తెచ్చుకోండి అన్నాడు. జగన్మోహనరావుగారు గుర్తు తెచ్చుకున్నారు. ఒక్కొక్కటే గుర్తొస్తుంటే టీ చల్లారిపోయింది. ఇన్నాళ్లూ ఆమె బావుందండీ అన్నప్పుడల్లా ఆయన గుండె పొంగింది. ఆ పొంగినవాటిలో నిజంగా బావున్నవి ఎన్నో ఆయనకు ఇప్పుడు తెలియదు. తాను నేర్చుకున్నదేదో, నేర్చుకున్నాననుకున్నదేదో తేల్చుకునే దారే లేదు. అవమానం కన్నా అదే ఎక్కువ నొప్పించింది.

ఇంట్లో రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగారు. మానేద్దామా అనుకున్నారు. ఆ మాట అంటే తులసమ్మ సంతోషిస్తుందని తెలిసి కూడా ఎందుకో అనలేకపోయారు. మూడో రోజు నేరుగా సింధూర గదికి వెళ్లారు. ఆమె లేచి నిలబడింది. ఈసారి ఆయన కూర్చోలేదు. తన గొట్టాల అలవాటు సంగతి తానే చెప్పి, ఇది తప్పని తెలిసి ఎందుకు ఊరుకున్నావని అడిగారు. అప్పటిదాకా నోట్లోంచి ఊడని మేడమ్ అన్న పిలుపు ఆ క్షణాన ఎటు పోయిందో ఆయనకే తెలియదు.

సింధూర బల్ల మీది కాగితాలు సర్దింది. సర్దినవే మళ్లీ సర్దింది. అప్పుడెప్పుడో క్లాసులో తెలిసీ తెలియని ప్రశ్న అడిగి మిమ్మల్ని అందరి ముందూ నిలబెట్టాను, ఆ రోజు మీ మొహం నేను మర్చిపోలేదు అంది. ఇంటికెళ్లి చెబితే గురువుగారిని తప్పుపడతావా అని వాళ్ల నాన్న కోప్పడ్డాడట.

"మీరు చెయ్యి పట్టి నేర్పినదాన్ని. మీ ఎదురుగా నిలబడి తప్పు అనడానికి నాకు నోరు రావట్లేదు సార్" అంది.

ఆయనకు కోపం దిగిపోయింది. ఆ ప్రశ్న అడక్కపోతే తాను ఈ గుమ్మం ఎందుకు తొక్కుతానన్నారు. ఆ రోజు తన మొహంలో ఆమె చూసింది నామోషీ కాదనీ, జవాబు తెలుసుకోవాలన్న ఆకలనీ చెప్పారు. అది ఇన్నేళ్లయినా తీరలేదన్నారు.

"అభిరామ్‌కి టీచరుంది. చైతన్యకి టీచరుంది. ఆ క్లాసులో టీచరు లేనిది నాకొక్కడికేనమ్మా."

ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఆయన మరి నిలబడలేదు. రేపటి గోళం లెక్క నేను చేస్తాను, తప్పయితే తప్పని చెప్పు, చెప్పలేనంటే సీటు వదులుకుని తోటకు పోతాను అని చెప్పి వచ్చేశారు. బెదిరింపుకి అన్నది కాదు. నిజంగానే పోదామనుకున్నారు.

గోళం లెక్క అంటే, చిక్కటి నూనెలో చిన్న గుండు మెల్లగా కిందికి దిగుతుంటే నూనె దాన్ని ఎంత బలంతో ఆపుతుందో కట్టడం. దాని జవాబు ఇంటర్ చదివినవాడికీ తెలుసు, సూత్రంలో ఆరు పై (6π) అని వస్తుంది. ఆ ఆరు ఎలా వస్తుందో కట్టి చూపించడమే కష్టం. మర్నాడు జగన్మోహనరావుగారు బోర్డు సగం నింపారు. చొక్కా వీపంతా చెమట పట్టింది. చివరికొచ్చేసరికి ఆరు రాలేదు, నాలుగు వచ్చింది. ఎక్కడో గుణకం జారిపోయి ఉంటుందనుకుని వెనక్కి వెళ్లి, ఒకచోట రెండు ఉన్నదాన్ని మూడు చేశారు. ఆరు వచ్చింది. అలా చెయ్యడం మోసమని ఆయనకు తోచనే లేదు. జవాబు ముందే తెలిసిన టీచర్లకు పీరియడ్ అయిపోతుంటే చెయ్యి అలాగే పోతుంది. కింద గీత గీసి ఇటు తిరిగారు.

జవాబు ఒప్పే. బావుందండీ అనడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. అభిరామ్ కూడా ఆమె వంకే చూస్తున్నాడు. సింధూర బోర్డు దగ్గరకు వెళ్లి పై నుంచి కింది దాకా చదివింది. మూడు దగ్గర ఆగింది. ఆ అంకె మీద వేలు పెట్టింది.

"తప్పు సార్. జవాబు సరైనదే. కానీ మీరు చేసిన లెక్కకి ఈ జవాబు రాదు" అంది.

ఎక్కడ తప్పు మేడమ్ అని ఆయన మెల్లగా అడిగారు. అది నేను చెప్పనండీ, ఒక ముఖ్యమైనదాన్ని వదిలేశారు, అదేమిటో రేపు మీరే వచ్చి చెప్పాలి అంది ఆమె. అని, ఆయన రాసినదంతా తుడిచేసింది. పక్కకు తిరిగి తుడిచింది గనక ఆమె మొహం ఎవరికీ కనిపించలేదు.

ఆ సాయంత్రం ఆయన ఎక్కిన బస్సులో టికెట్ అడిగిన కండక్టరుకు గోళం అని చెప్పారట. రాత్రి పప్పులో ఉప్పు లేకపోయినా తెలియలేదు. తులసమ్మకు ఒళ్లు మండి, ఎవరైనా ఏమైనా అన్నారా అని నిలదీసింది. తప్పన్నారని ఈయన సంబరంగా చెప్పారు. ఈ వయసులో తప్పనిపించుకుని సంబరపడే మనిషిని నేనెక్కడా చూడలేదంటూ ఆవిడ దుప్పటి కప్పుకుంది.

తెల్లారి తోటకు మోపెడ్ మీద వెళ్తున్నారు. ఎదురుగాలి బాగా ఉంది. చొక్కా చేతులు రెపరెపలాడుతున్నాయి, అదంతా పక్కల నుంచి రాసుకుపోయే గాలి పని. అది కాక ఎదురుగా గుండెల మీద అరచెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నట్టు ఇంకొకటి ఉంది. బండి ఆపేశారు. జిగట అంటే రాపిడి ఒక్కటే అనుకున్నారు ఇన్నాళ్లూ. నూనె గుండుని పక్కల రాస్తుంది, ఎదురుగా నెడుతుంది కూడా. ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ. ఆనాడు సింధూర అడిగినదానికీ ఇదే జవాబు. రాపిడి నాలుగు, నెట్టుడు రెండు. ఆ రెండూ కలిస్తే ఆరు. రోడ్డు పక్కన బండి స్టాండు వేసి, పుల్లతో మట్టిలో గీసుకుంటూ కూర్చున్న ఆయనను చూసి, పాల క్యాన్లతో పోతున్న మనిషి ఏమన్నా పోయిందా అండీ అని అడిగాడు. దొరికిందయ్యా అన్నారు ఈయన.

ఆ రోజు క్లాసులో మొదట లేచింది జగన్మోహనరావుగారే. రెండును మూడు చేసింది పొరపాటు కాదు, జవాబు తెలుసు కాబట్టి అతికించానని ముందుగా అందరి ఎదుటా ఒప్పుకున్నారు. తర్వాత ఒత్తిడిని వేరుగా, రాపిడిని వేరుగా కట్టి, కలిపి చూపించారు. ఈసారి ఎక్కడా పరుగెత్తలేదు. సింధూర పక్కన నిలబడి ఒక్కో లైనూ చదివింది. రెండు చోట్ల ఎందుకు అని ఆపి అడిగింది, ఇంకోచోట ఒక గుర్తు తప్పని దిద్దించింది. పీరియడ్ అయిపోయినా ఎవరూ లేవలేదు.

"ఇప్పుడు సరిగ్గా ఉంది సార్. కూర్చోండి" అంది చివరికి.

ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయనకు మీరు చెప్పింది రైటే సార్ అన్నవాళ్లకు లెక్కలేదు. విద్యార్థులు అన్నారు, ప్రిన్సిపాళ్లు అన్నారు, శాలువా కప్పినవాళ్లు మైకు పెట్టి మరీ అన్నారు. వాళ్లలో ఎవరూ తప్పు అనగలిగినవాళ్లు కాదు. ఈ పిల్ల నిన్న ఇదే చోట నిలబడి తప్పంది. అందుకే ఇవాళ సరిగ్గా ఉందంటే ఆయన నమ్మారు. జీవితంలో మొదటిసారి పూర్తిగా నమ్మారు. బెంచీ దగ్గరకు వచ్చి కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. చైతన్య చూస్తున్నాడని తెలిసినా దాచుకోలేదు.